వాణిజ్యం, ఐరోపా ఏకీకరణలో ఉమ్మడి మాస్టర్స్: స్కాలర్‌షిప్ లేకుండా సీటు వచ్చింది, వెళ్ళాలా ఆగాలా?

హనుమకొండ_శ్రావణి
మూడు దేశాల్లో తిరుగుతూ చదివే రెండేళ్ళ ఉమ్మడి మాస్టర్స్‌లో సీటు వచ్చింది. సబ్జెక్టు అంతర్జాతీయ వాణిజ్యం, ఐరోపా ఏకీకరణ ఆర్థికశాస్త్రం. మొదటి ఏడాది బెల్జియంలో ఆంట్‌వర్ప్, మూడో సెమిస్టర్ ప్రాగ్, చివరిది థీసిస్‌తో కలిపి స్పెయిన్‌లో సాంతాందేర్. ఐరోపా సమాఖ్య (ఈయూ) ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్‌కి మాత్రం రిజర్వ్ లిస్టులో పెట్టారు, నా నంబరు 6. సొంత డబ్బుతో వస్తానంటే సీటు ఖాయం, ఫీజు రెండేళ్ళకీ కలిపి 18 వేల యూరోలు, మొదటి విడత వచ్చే నెల 15లోపు కట్టాలి.

నాది బీఏ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. ఏడాదిగా హైదరాబాదులో డేటా పని చేస్తున్నా. నాన్న ఉన్న రెండెకరాలు పెట్టి లోన్ తీసుకుందాం అంటున్నారు. బావ ఏమో ఆ డబ్బుతో అమెరికాలో ఎంఎస్ చెయ్యొచ్చు, ఈ డిగ్రీ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. నాకు ఈ సబ్జెక్టు నిజంగా ఇష్టం, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మన దేశంలో ఈ డిగ్రీ చెల్లుతుందా? చదివాక ఉద్యోగం ఎక్కడ? రిజర్వ్ లిస్టు కదులుతుందా?

సూటిగా_చెప్తా
భూమి పెట్టొద్దు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు.

డాలస్_తెలుగు
బావగారు ఒక విషయం మర్చిపోతున్నారు. అమెరికాలో ఓ మోస్తరు యూనివర్సిటీలో ఎంఎస్ అన్నా 40 లక్షలకి తక్కువ కాదు, ఖర్చులతో 50 దాటుతుంది. హెచ్‌1బీ లాటరీ ఎటూ ఉంది, 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక చిన్న కంపెనీలు స్పాన్సర్ చెయ్యడానికే భయపడుతున్నాయి. పోలిక పెడితే రెండు వైపులా పూర్తి లెక్క పెట్టండి. అమెరికానే కావాలంటే ఎకనామిక్స్‌లో ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక డేటాకి గణాంక పద్ధతులు వాడే శాఖ) వైపు స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, లెక్కల కోర్సుల కిందకి వచ్చే ప్రోగ్రాములు ఉన్నాయి, వాటికి చదువయ్యాక అక్కడే పని చేసుకునే అనుమతి, ఓపీటీ, మూడేళ్ళు వస్తుంది. మామూలు ఎంఏ ఎకనామిక్స్‌కి ఏడాదే.

రేవు_పక్క
ఇలాంటి ఉమ్మడి మాస్టర్సే నేనూ చేశాను. ఆంట్‌వర్ప్‌లో మొదలుపెట్టి ఇప్పుడు బ్రసెల్స్‌లో వాణిజ్య నిబంధనల మీద పనిచేసే చిన్న కన్సల్టెన్సీలో ఉన్నా. కాబట్టి వివరంగా రాస్తాను, శ్రావణీ ఓపిగ్గా చదువు.

ముందు ఈ కోర్సులో ఏం చెప్తారో తెలుసుకో, ఎందుకంటే చాలామంది "మూడు దేశాలు" అన్న మాట దగ్గరే ఆగిపోతారు. సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, మొత్తం 120. సగం పైగా బరువు ఎకనోమెట్రిక్స్ మీదే. వాణిజ్య సిద్ధాంతంలో ఆర్థికవేత్తలు రికార్డో దగ్గర మొదలై క్రూగ్‌మన్ మీదుగా 2003 నాటి మెలిట్జ్ మోడల్ దాకా వెళ్తారు. ఒకే పరిశ్రమలో కొన్ని కంపెనీలే ఎందుకు ఎగుమతి చేస్తాయి, సుంకాలు తగ్గితే బలహీనమైనవి ఎందుకు మూతపడతాయి అన్నది అందులో విషయం. ఏకీకరణ పేపర్లో 1957 రోమ్ ఒప్పందం, 1993 ఒకే మార్కెట్, యూరోకి దారి వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం, యూరో ఇవన్నీ చరిత్రగా కాకుండా లెక్కలతో వస్తాయి. వేర్వేరు దేశాలు ఒకే కరెన్సీ పెట్టుకుంటే లాభమా నష్టమా అని ఆర్థికవేత్త మండెల్ 1961లో వేసిన ప్రశ్న ఒక సెమిస్టర్ అంతా వెంటాడుతుంది.

నాకు కళ్ళు తెరిపించింది ఆర్థికవేత్త వైనర్ 1950లో చెప్పిన సంగతి. రెండు దేశాలు సుంకాలు ఎత్తేసుకుంటే కొత్త వాణిజ్యం పుట్టొచ్చు, లేదా చవగ్గా ఇచ్చే మూడో దేశం దగ్గర కొనడం మానేసి ఒప్పందం ఉన్న దేశం దగ్గర కొనడం మొదలవ్వొచ్చు. రెండోది జరిగితే ఆ మూడో దేశం రైతు ఏ తప్పూ చెయ్యకుండానే దెబ్బ తింటాడు. మన వాళ్ళు చాలాసార్లు ఆ మూడో దేశంలోనే ఉన్నారు.

మార్కుల గురించి ముందే ఇంట్లో చెప్పి పెట్టు. బెల్జియంలో 20కి వేస్తారు, 10 వస్తే పాస్, 14 అంటే మంచి మార్కు. 70 శాతమేనా అని మన వాళ్ళు మొహం చిట్లిస్తారు.

ఇక డబ్బు. నేను స్కాలర్‌షిప్ మీద వెళ్ళాను. మా బ్యాచ్‌లో సొంత డబ్బుతో వచ్చిన ఇద్దరు భారతీయులు చదువు కన్నా ఎక్కువగా డెలివరీ సైకిల్ మీదే కనపడేవారు. వారానికి 20 గంటలే పని చెయ్యనిస్తారు, దాంతో ఖర్చులు గడుస్తాయి గానీ ఫీజు తీరదు. రిజర్వ్ లిస్టు కదులుతుంది. ఒకే విద్యార్థికి రెండు మూడు కోర్సుల్లో వస్తే ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేస్తారు, అందుకే మే, జూన్ నెలల్లో పిలుపులు వస్తుంటాయి. 6 అంటే ఆశ పెట్టుకోవచ్చు, గ్యారంటీ అయితే ఎవరూ ఇవ్వరు.

నంద్యాల_బీకామ్
అక్కా నేను బీకామ్ కంప్యూటర్స్. ఇంటర్‌లో మాథ్స్ లేదు, సీఈసీ. ఇలాంటివాటికి అప్లై చెయ్యొచ్చా లేక టైమ్ వేస్టా?

రేవు_పక్క
@నంద్యాల_బీకామ్ అప్లై చెయ్యొచ్చు తమ్ముడూ, కానీ మాథ్స్ లేకుండా వస్తే మొదటి సెమిస్టర్‌లో ఏడుపే. అవకలనం, పరిమితుల మధ్య గరిష్ఠం కనుక్కోవడం, మాత్రికలు, రిగ్రెషన్ ఈ నాలుగూ ఇప్పటి నుంచే మొదలుపెట్టు. మా బ్యాచ్‌లో కామర్స్ నుంచి వచ్చిన బంగ్లాదేశ్ అమ్మాయి ముందు ఏడాదంతా అదే చేసి వచ్చింది, చివరికి ఎకనోమెట్రిక్స్‌లో నాకన్నా ఎక్కువ తెచ్చుకుంది.

బ్యాంకు_పెద్దాయన
ముప్పై ఏళ్ళు బ్యాంకులో చేసి రిటైరయ్యాను, విద్యా రుణాలే ఎక్కువ చూశాను. అమ్మా, నీ లెక్క నేను వేసి చూపిస్తా. ఫీజు 18 వేల యూరోలు. ఖర్చులు నెలకు 900 అనుకున్నా 24 నెలలకి 21,600. వెరసి 39,600. యూరో వంద రూపాయలు పట్టినా దగ్గర దగ్గర 40 లక్షలు. పదేళ్ళ గడువు, పది శాతం వడ్డీ అనుకుంటే నెల కిస్తీ 53 వేలు. చదువుతున్న రెండేళ్ళు, ఆ తర్వాత ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, ఆ లెక్క కలిపితే ఇంకా ఎక్కువ.

ఇంకో మాట. ఏడున్నర లక్షల వరకే ఆస్తి హామీ లేకుండా మామూలుగా ఇస్తారు. ఆపైన ఆస్తి అడుగుతారు, వ్యవసాయ భూమిని విద్యా రుణానికి తాకట్టుగా తీసుకోవడానికి చాలా బ్రాంచిలు ఒప్పుకోవు. అప్పుడు నాన్నగారు ఏం చేస్తారు? బయట వడ్డీకి తెస్తారు, లేదా అమ్ముతారు. ఈ రెండో దారి పట్టిన ఇళ్ళు నా కళ్ళతో చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నా.

సూటిగా_చెప్తా
నేను ఒక్క లైన్‌లో చెప్పింది పెద్దాయన లెక్కతో చెప్పారు.

వ్లతవా_వంతెన
అందరూ భయపెట్టేస్తున్నారు. నేను ప్రాగ్‌లో వేరే కోర్సు, సొంత డబ్బుతోనే వచ్చా, లోన్ తీసుకునే వచ్చా, ఇప్పుడు కట్టేస్తున్నా. ఐటీ పక్క పని దొరికింది. శ్రావణికి డేటా అనుభవం ఉంది కదా, అది చిన్న విషయం కాదు. ప్రాగ్‌లో పెద్ద కంపెనీల ఫైనాన్స్, డేటా కేంద్రాలు చాలా ఉన్నాయి, ఇంగ్లీషుతో నడుస్తుంది. కాకపోతే చెక్‌లో చదువయ్యాక పని వెతుక్కోవడానికి 9 నెలలే ఇస్తారు. బెల్జియంలో 12, జర్మనీలో 18. ఫ్రాన్స్‌లో మాస్టర్స్ చేసిన భారతీయులకి రెండేళ్ళు. ఉమ్మడి డిగ్రీలో ఏ దేశం నుంచి ఆ పర్మిట్ అడగాలన్నది ముందే ఆలోచించుకోవాలి, చివరి సెమిస్టర్ ఎక్కడ ఉంటే అక్కడే సులువు.

బ్యాంకు_పెద్దాయన
@వ్లతవా_వంతెన నువ్వు కట్టేస్తున్నావు, సంతోషం నాయనా. నీ లోన్ ఎంత?

వ్లతవా_వంతెన
14 లక్షలు. మా యూనివర్సిటీలో ఫీజు తక్కువ.

బ్యాంకు_పెద్దాయన
14కీ 40కీ మధ్య ఒక ఇల్లు ఉంది బాబూ.

గోదారి_మాస్టారు
రాజమహేంద్రవరంలో డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. డిగ్రీ చెల్లుబాటు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. విదేశీ డిగ్రీల గుర్తింపు, సమానతపై యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. అంతకుముందు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం దగ్గర సమానత సర్టిఫికెట్ తీసుకునేవాళ్ళం. ఇప్పుడు దరఖాస్తు యూజీసీ పోర్టల్‌లో. మీకు ప్రైవేటు ఉద్యోగమే అయితే ఇది పెద్దగా అడగరు. నెట్ రాసి అధ్యాపకులు కావాలనుకున్నా, ఇక్కడ పీహెచ్‌డీలో చేరాలనుకున్నా తప్పకుండా కావాలి.

ఉమ్మడి డిగ్రీల్లో రెండు రకాలు ఉంటాయి. విశ్వవిద్యాలయాలన్నీ సంతకం పెట్టి ఒకే పట్టా ఇవ్వడం ఒకటి, ఒక్కొక్కరు విడిగా పట్టా ఇవ్వడం ఇంకొకటి. మీది ఏ రకమో అడ్మిషన్ ఆఫీసుని రాతపూర్వకంగా అడగండి. పట్టాతో పాటు డిప్లొమా సప్లిమెంట్ అని ఒక పత్రం ఇస్తారు, ఏ సెమిస్టర్ ఎక్కడ చదివారు, ఎన్ని క్రెడిట్లు, మార్కుల పద్ధతి ఏమిటి అన్నీ అందులో ఉంటాయి. అది పోగొట్టుకోకండి. నా విద్యార్థిని ఒకరికి సమానత దరఖాస్తులో 20కి 13 అంటే ఎంత అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ కాగితమే ఆదుకుంది.

హనుమకొండ_శ్రావణి
మాస్టారూ, చాలా థాంక్స్. అడిగాను, ఒకే పట్టా అని మెయిల్ వచ్చింది. రేవు_పక్క అక్కా, ఉద్యోగాల సంగతి కొంచెం చెప్పవా? ఐరోపా కమిషన్‌లో వాణిజ్య విభాగంలో చెయ్యాలని నా కోరిక.

సూటిగా_చెప్తా
ఐరోపా కమిషన్‌లో శాశ్వత ఉద్యోగానికి ఈయూ పౌరసత్వం ఉండాలి. భారత పాస్‌పోర్టుతో కుదరదు. ఈ విషయం కోర్సు బ్రోచర్లో పెద్ద అక్షరాలతో ఎవరూ రాయరు.

రేవు_పక్క
ఆయన చెప్పింది నిజమే, కానీ తలుపు పూర్తిగా మూసి లేదు. కమిషన్‌లో బ్లూబుక్ అని ఐదు నెలల ట్రైనీషిప్ ఉంది, మార్చిలోనూ అక్టోబరులోనూ మొదలవుతుంది, బయటి దేశాల వాళ్ళకీ కొన్ని సీట్లు ఇస్తారు, నెలనెలా భత్యం వస్తుంది. నేను దానికి ఎంపిక కాలేదు గానీ నా రూమ్మేట్, కెన్యా అమ్మాయి, చేసింది. ఆ అనుభవంతోనే తర్వాత వాళ్ళ దేశ వాణిజ్య శాఖలో చేరింది.

నిజంగా ఉద్యోగాలున్నది కమిషన్ చుట్టూ ఉన్న చోట్ల. పరిశ్రమ సంఘాలు, కన్సల్టెన్సీలు, కస్టమ్స్ సలహా సంస్థలు, పెద్ద లాజిస్టిక్స్ కంపెనీలు. ఆంట్‌వర్ప్ అంటే రోటర్‌డామ్ తర్వాత ఐరోపాలో అతిపెద్ద రేవు, అక్కడ సరుకు వర్గీకరణ, మూలదేశ నిబంధనలు తెలిసిన మనిషికి పని ఉంటుంది. కానీ డచ్ కానీ ఫ్రెంచ్ కానీ రాకపోతే సగం ప్రకటనలు నీవి కావు. మొదటి నెల నుంచే భాష క్లాసులో కూర్చో, ఇది మాత్రం నేను చేతులు పట్టుకుని చెప్తున్నా. నా మొదటి జీతం చేతికి 2,100 యూరోలు, గది అద్దె 600. పైన పెద్దాయన చెప్పిన 53 వేల కిస్తీ అందులోంచి తీసి చూడు, ఏం మిగులుతుందో.

జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ, డబ్ల్యూటీవో ఉంది, భారతదేశం సభ్య దేశమే కాబట్టి అక్కడ పౌరసత్వం అడ్డు కాదు, పోటీ మాత్రం విపరీతం. ఢిల్లీలో వాణిజ్య విధానం మీద పనిచేసే పరిశోధన సంస్థలు కొన్ని ఉన్నాయి. యూపీఎస్సీ ద్వారా ఇండియన్ ట్రేడ్ సర్వీస్ ఉంది, దాని పేరు మన కోచింగ్ సెంటర్లలో పెద్దగా వినపడదు.

రొయ్యల_చెరువు
ఈ చర్చ మా అబ్బాయి పంపాడు. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో ఎగుమతుల పని చూస్తాను, మొదట చెరువులే. ఉద్యోగం ఎక్కడ అని అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా, ఇక్కడ ఉంది.

2016 నుంచి మన చెరువుల రొయ్య ఐరోపాకి వెళ్తే యాభై శాతం కన్‌సైన్‌మెంట్లకి శాంపిల్ తీసి యాంటీబయాటిక్ పరీక్ష చేస్తున్నారు. అంతకుముందు పది శాతమే. శాంపిల్ తీసినప్పుడు కంటైనర్ అక్కడే కరెంటు మీద చల్లగా ఉండాలి, రోజులు గడిచిన కొద్దీ బిల్లు. ఒక కంటైనర్ వెనక్కి వస్తే చిన్న యూనిట్ ఆ ఏడాది లాభం మర్చిపోవాల్సిందే. ఇంకోవైపు ఈక్వడార్‌కి 2017 నుంచి ఐరోపాతో ఒప్పందం ఉంది, వియత్నాంకి 2020 ఆగస్టు నుంచి ఉంది. వాళ్ళ రొయ్య సుంకం లేకుండానో తక్కువ సుంకంతోనో వెళ్తుంటే మనది సుంకం కట్టి వెళ్ళింది. పైన అమ్మాయి రాసిన మూడో దేశం రైతు ఎవరో కాదు, మేమే. మన ఒప్పందం మాటలు 2007లో మొదలై 2013లో ఆగి మళ్ళీ 2022లో మొదలయ్యాయి, ఆ మధ్య కాలమంతా పక్కవాళ్ళు ముందుకు పోయారు.

2025లో అమెరికా మన మీద సుంకం పెంచినప్పుడు ఐరోపాకి మళ్ళండి అని అందరూ సలహా ఇచ్చారు. మళ్ళాలంటే ఆ నిబంధనలు చదివి అర్థం చేసుకునే మనిషి కావాలి కదా. మా యూనిట్‌లో ఈయూ నోటిఫికేషన్ వస్తే కొచ్చిలో ఉన్న కన్సల్టెంట్‌కి పంపి, ఆయన సమాధానం కోసం కూర్చుంటాం. మన జిల్లా పిల్లలు ఇది చదివి వస్తే నేనే పని ఇస్తాను.

డాలస్_తెలుగు
జీతం ఎంత ఇస్తారు బాబాయ్? అది చెప్పకుండా పిలిస్తే ఎవరొస్తారు.

రొయ్యల_చెరువు
న్యాయంగా అడిగారు. మొదట 60, 70 వేలు ఇవ్వగలను. 40 లక్షల అప్పున్న వాళ్ళకి అది సరిపోదు, ఒప్పుకుంటా. అప్పు లేకుండా వచ్చిన వాళ్ళకి భీమవరంలో అది మంచి జీతమే, పులస ఖర్చు వేరే.

గోదారి_మాస్టారు
పులస భీమవరానిది కాదు, మా గోదావరిది. రికార్డు కోసం.

గాజువాక_కుర్రాడు
రొయ్యలే కాదు సార్, స్టీలు కూడా. కార్బన్ సరిహద్దు సుంకం, సీబామ్ అంటారు, 2023 అక్టోబరులో రిపోర్టింగ్ మొదలైంది, 2026 జనవరి నుంచి అసలు అమలు. ఇనుము ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు. టన్ను ఉక్కు తయారీలో ఎంత కార్బన్ వెలువడింది అన్నది ప్లాంటు స్థాయిలో లెక్క కట్టి ఇవ్వాలి. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో చేశారు, మా వీధిలో ఇప్పుడు దీని గురించే మాట్లాడుకుంటున్నారు, కానీ లెక్క ఎలా కడతారో చెప్పగలిగేవాళ్ళు లేరు. నేను ఇంజనీరింగ్ చేసి ఇదే వైపు వెళ్దామని చూస్తున్నా. ఎకనామిక్స్ చదవని వాళ్ళకి ఇలాంటి మాస్టర్స్‌లో సీటు ఇస్తారా?

రేవు_పక్క
@గాజువాక_కుర్రాడు కొన్నింట్లో ఇస్తారు, ఎకనామిక్స్ క్రెడిట్లు ఇన్ని ఉండాలి అని షరతు పెడతారు. ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్ళు లెక్కల్లో బాగుంటారు, మైక్రో ఎకనామిక్స్‌లో ఇబ్బంది పడతారు. ఆన్‌లైన్‌లో రెండు కోర్సులు చేసి మార్కులతో సర్టిఫికెట్ పెట్టు. మోటివేషన్ లెటర్‌లో ఇక్కడ రాసిన ఈ నాలుగు లైన్లే రాయి, అదే బలమైన లెటర్.

హనుమకొండ_శ్రావణి
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నాన్నకి పెద్దాయన లెక్క చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మరి ఏడాది ఆగితే సీటు పోతుంది కదా" అన్నారు. ఆయన భయం అదే. వచ్చే ఏడాది మళ్ళీ అప్లై చెయ్యనిస్తారా? రిజర్వ్ లిస్టులో ఉన్నవాళ్ళని వద్దంటారా?

రేవు_పక్క
మళ్ళీ అప్లై చెయ్యొచ్చు, ఒకసారి స్కాలర్‌షిప్ అందుకున్నవాళ్ళకే రెండోసారి కుదరదు. పాత పద్ధతిలో ఏడాదికి మూడు కోర్సులకే అప్లై చెయ్యాలని ఉండేది, 2021 తర్వాత వచ్చిన ప్రోగ్రామ్‌లో ఆ పరిమితి లేదు. ఎక్కువ కోర్సులకి దరఖాస్తులు అక్టోబరు, జనవరి మధ్య నడుస్తాయి. ఒక్కటే పట్టుకుని కూర్చోకు, వాణిజ్యం, అభివృద్ధి, పర్యావరణ విధానం ఈ మూడు వైపులా నీకు సరిపోయేవి వెతుకు. స్కాలర్‌షిప్ వస్తే నెలకి 1,400 యూరోలు, 24 నెలలు, ఫీజు ఉండదు, బీమా వాళ్ళదే. విమానం, వీసా ఖర్చులు మాత్రం ఆ 1,400లోంచే. భారతదేశం నుంచి ప్రతి ఏడాదీ చాలామందికి వస్తోంది, ఎక్కువ స్కాలర్‌షిప్‌లు అందుకునే దేశాల్లో మనదొకటి.

వ్లతవా_వంతెన
నేను ఇంకా ఒప్పుకోను. ఏడాది ఆగితే ఏడాది జీతం, ఏడాది వయసు పోతాయి. మొదటి విడత కట్టి వెళ్ళి, తర్వాత అక్కడ యూనివర్సిటీలో ఫీజు తగ్గింపు కోసం అడగొచ్చు కదా.

రేవు_పక్క
అడగొచ్చు, ఇస్తారన్న నమ్మకం మీద రెండెకరాలు పెట్టలేం. మధ్యలో డబ్బు అయిపోయి ప్రాగ్‌కి వెళ్ళలేక ఆగిపోయిన ఒక అబ్బాయి మా సీనియర్ బ్యాచ్‌లో ఉన్నాడు. ఉమ్మడి డిగ్రీలో మధ్యలో ఆగితే చేతికి పట్టా రాదు, క్రెడిట్ల కాగితమే వస్తుంది. ఇది మామూలు మాస్టర్స్ కన్నా కఠినం.

ఇంకో సంగతి, ఆగిన ఏడాది ఖాళీ ఏడాది కాదు శ్రావణీ. ఇప్పుడే ఒక చిన్న పరిశోధన మొదలుపెట్టు. మీది వరంగల్ మిర్చి యార్డు ప్రాంతం కదా. ఎండు మిర్చి హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకుని గుర్తించే నంబరు) 090421, పొడి అయితే 090422. ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్‌లో ఏ దేశం ఏ ఏడాది ఎంత కొన్నదీ ఉచితంగా దొరుకుతుంది. ఐరోపా సరిహద్దులో ఏ సరుకు ఏ కారణంతో ఆగిందో ఆర్ఏఎస్ఎఫ్ఎఫ్ అనే పోర్టల్‌లో తేదీతో సహా పెడతారు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం, పురుగుమందు అవశేషాలు, సాల్మొనెల్లా అని విడివిడిగా. ఆ రెండూ పక్కపక్కన పెట్టు. ఒక హెచ్చరిక వచ్చిన తర్వాతి నెలల్లో మన ఎగుమతి ఎంత పడింది, ఎన్నాళ్ళకి కోలుకుంది, ఆ సరుకు వేరే దేశానికి మళ్ళిందా అన్నవి ప్రశ్నలు. టిన్‌బెర్గెన్ 1962లో వాడిన గ్రావిటీ మోడల్ ఉంది కదా, రెండు దేశాల ఆర్థిక పరిమాణం పెరిగితే వాణిజ్యం పెరుగుతుంది, దూరం పెరిగితే తగ్గుతుంది అని, దానిలోకి ఈ హెచ్చరికలని ఒక చరరాశిగా వెయ్యి. ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సున్నా వాణిజ్యం ఉన్న నెలలని తీసెయ్యకు, లాగరిథమ్ తీసుకుంటే అవి మాయమైపోతాయి, అందుకే సున్నాలని కూడా లెక్కలో ఉంచే పాయ్‌సాన్ (Poisson) రిగ్రెషన్ పద్ధతి వాడతారు. పది పేజీలు రాసి అప్లికేషన్‌తో పెడితే ఎంపిక కమిటీ ముందు నువ్వు వేరేగా కనపడతావు.

గోదారి_మాస్టారు
ఈ పోస్టు ప్రింట్ తీసి మా క్లాసులో గోడకి అంటిస్తాను. శ్రావణి గారూ, బియ్యం కూడా చూడండి. ట్రైసైక్లజోల్ అనే శిలీంద్రనాశిని అవశేషాల పరిమితిని ఐరోపా 2018 నుంచి కిలోకి 0.01 మిల్లీగ్రాములకి దించింది. బాస్మతి ఎగుమతులకి పెద్ద దెబ్బ. మన వైపు అగ్గి తెగులుకి రైతులు కొట్టేది ఆ మందే. నిబంధన బ్రసెల్స్‌లో మారితే స్ప్రేయర్ ఇక్కడ మారాలి, ఆ మధ్యలో రైతుకి సమయానికి చెప్పేవాళ్ళు లేరు.

రొయ్యల_చెరువు
మిర్చి అయ్యాక రొయ్య 030617 కూడా చెయ్యమ్మా. యూనిట్ లెక్కలు, పేర్లు తీసేసి, నేనిస్తా.

నంద్యాల_బీకామ్
వీసా గురించి ఎవరైనా రాయండి ప్లీజ్, మూడు దేశాలంటే మూడు వీసాలా?

రేవు_పక్క
మొదటి దేశానికి దీర్ఘకాల డి వీసా, వెళ్ళాక అక్కడ నివాస కార్డు. తర్వాతి ఈయూ దేశాలకి 2016 నాటి విద్యార్థుల డైరెక్టివ్ ప్రకారం మళ్ళీ కొత్త వీసా లేకుండా 360 రోజుల వరకు చదవడానికి వీలుంది, ముందుగా సమాచారం ఇవ్వాలి, మొదటి కార్డు గడువు అప్పటికి చెల్లుబాటులో ఉండాలి. డెన్మార్క్, ఐర్లాండ్ దీనిలో లేవు. కాగితాల్లో సులువుగా కనిపిస్తుంది, ఆచరణలో ప్రతి సెమిస్టర్ చివర ఇల్లు ఖాళీ చెయ్యడం, డిపాజిట్ వెనక్కి తెచ్చుకోవడం, కొత్త ఊళ్ళో నమోదు ఇదంతా పరీక్షల వారంలోనే పడుతుంది.

బెల్జియంలో చేరిన 8 పనిదినాల్లో మున్సిపాలిటీలో నమోదు చేసుకోవాలి. తర్వాత ఆ ఏరియా పోలీసు ఇంటికి వచ్చి నువ్వు అక్కడే ఉంటున్నావా అని చూసి వెళ్తాడు. డోర్‌బెల్ దగ్గర నీ పేరు లేకపోతే ఇల్లు ఖాళీ అని రాసుకుని పోతాడు, కార్డు నెల ఆలస్యం. మన ఇంటిపేర్లు పొడుగు కదా, నా పేరు ఆ చిన్న చీటీలో పట్టక రెండు లైన్లలో రాసి అంటించా. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయాలి, సర్టిఫికెట్‌లో ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఇక్కడే ఆ తేడా సరిచేయించుకోండి.

సూటిగా_చెప్తా
అపోస్టిల్‌కి, అంటే సర్టిఫికెట్లు విదేశాల్లో చెల్లడానికి వేయించే ధ్రువీకరణకి, కన్సల్టెన్సీలు అడిగినంత ఇవ్వొద్దు. ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ స్టాంపు, క్రమం ఇదే. పోలీస్ క్లియరెన్స్ మాత్రం తొందరపడి తీసుకోకండి, వీసా నాటికి పాతబడితే మళ్ళీ తీసుకోవాలి.

హనుమకొండ_శ్రావణి
నిన్న రాత్రి నాన్న, బావ, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. సొంత డబ్బు సీటుకి వద్దు అని, స్కాలర్‌షిప్ రిజర్వ్ లిస్టులో మాత్రం ఉంచండి అని మెయిల్ పెట్టాను. ఉంచుతామని జవాబు వచ్చింది. పిలుపు వస్తే వెళ్తాను, రాకపోతే అక్టోబరులో నాలుగు కోర్సులకి అప్లై చేస్తాను. బావ కామ్‌ట్రేడ్ డేటా దింపడంలో సాయం చేస్తానన్నాడు, ఆయనకి ఆర్ వచ్చు. ఒక డౌట్ అక్కా, 090421లో మన దేశం లెక్క, దిగుమతి చేసుకున్న దేశం లెక్క కలవట్లేదు. స్పెయిన్ విషయంలో తేడా చాలా ఉంది. ఏది తీసుకోవాలి?

రేవు_పక్క
దిగుమతి చేసుకున్న దేశం లెక్క తీసుకో. సుంకం వసూలు అక్కడ ఉంటుంది కాబట్టి కస్టమ్స్ వాళ్ళు జాగ్రత్తగా రాస్తారు. పైగా దిగుమతి విలువలో రవాణా, బీమా కలిసి ఉంటాయి, ఎగుమతి విలువలో ఉండవు, కొంత తేడా అక్కడే వస్తుంది. స్పెయిన్‌ది పెద్ద తేడా అన్నావు కాబట్టి సరుకు వేరే రేవులో దిగి రోడ్డు మీద వెళ్ళిందేమో చూడు, నెదర్లాండ్స్, బెల్జియం లెక్కలు కూడా పక్కన పెట్టు. ఈయూ గణాంక సంస్థ యూరోస్టాట్‌లో నెలవారీగా ఉంది, అది దింపి నాకు పంపితే ఈ శనివారం చూస్తా.